డాలస్ కౌబాయ్స్ 2025 సీజన్, ఆటగాళ్ళ మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ కౌబాయ్స్ అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక జట్టు. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఉంటూ ఆఫీసులో సోమవారం పొద్దున జరిగే చర్చ అర్థం కానివాళ్ళకీ, హైదరాబాద్‌లో తెల్లవారుజామున లేచి మ్యాచ్ చూసేవాళ్ళకీ పనికొచ్చేలా ఈ పేజీ రాశాం. ఇందులోని లెక్కలన్నీ 2026 జనవరి మొదట్లో సీజన్ ముగిసేనాటివి.

సీజన్ చివరికి కౌబాయ్స్ ఎక్కడ తేలారు?

7 గెలుపులు, 9 ఓటములు, 1 టై. ప్లేఆఫ్స్‌కు వెళ్ళలేదు. అంతకుముందు ఏడాది 7-10, అప్పుడూ వెళ్ళలేదు. కౌబాయ్స్ ఆడే నాలుగు జట్ల గుంపులో (డివిజన్) మొదటి స్థానం ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కే దక్కింది. డిసెంబర్ 20న ఈగిల్స్ వాషింగ్టన్‌ను ఓడించడంతో కౌబాయ్స్ దారి మూసుకుపోయింది. మర్నాడు చార్జర్స్‌తో ఆడిన మ్యాచ్ లాంఛనమే.

ఈ సీజన్ గురించి ఒక్క లెక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి: 17 మ్యాచుల్లో వేసిన పాయింట్లు 471, ఇచ్చుకున్నవి 511. మ్యాచ్‌కు సగటున 27కు పైగా పాయింట్లు వేసే జట్టు మామూలుగా డివిజన్ గెలుస్తుంది. కానీ ఇక్కడ డిఫెన్స్ మ్యాచ్‌కు 30 ఇచ్చింది. లీగ్‌లో ఇంతకంటే ఎక్కువ ఇచ్చిన జట్టు లేదు, కౌబాయ్స్ చరిత్రలోనూ ఏ సీజన్‌లో ఇన్ని ఇవ్వలేదు.

టై అంటే ఏంటి? ఫుట్‌బాల్‌లో కూడా ఉంటుందా?

ఉంటుంది, అరుదుగా. రెగ్యులర్ సీజన్‌లో ఓవర్‌టైమ్ పది నిమిషాలే. 2025 నుంచి మారిన నియమం ప్రకారం మొదట బంతి అందుకున్న జట్టు టచ్‌డౌన్ (బంతిని మైదానం ఆ చివరనున్న ఎండ్ జోన్‌లోకి చేర్చడం) వేసినా, రెండో జట్టుకూ ఒక అవకాశం ఇవ్వాలి. ఆ తర్వాత కూడా సమంగా ఉండి గడియారం అయిపోతే టై. పట్టికలో దాన్ని సగం గెలుపుగా లెక్కేస్తారు. ప్లేఆఫ్స్‌లో మాత్రం ఎవరో ఒకరు గెలిచేదాకా ఆడాల్సిందే.

కౌబాయ్స్ టై సెప్టెంబర్ 28న ఆర్లింగ్టన్‌లో గ్రీన్ బే ప్యాకర్స్‌తో, 40-40. ఓవర్‌టైమ్‌లో ముందు డాలస్ ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్య నుంచి తన్నడం) కొట్టింది. ప్యాకర్స్ గడియారం మీద దాదాపు ఏమీ మిగలని క్షణంలో కొట్టి సమం చేశారు. ఇంతకీ ఆ రోజు అందరి కళ్ళూ స్కోర్ మీద లేవు, ప్యాకర్స్ జెర్సీ వేసుకొచ్చిన మైకా పార్సన్స్ మీద ఉన్నాయి.

మైకా పార్సన్స్‌ను ఎందుకు వదులుకున్నారు?

ఈ పేజీకి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి.

పార్సన్స్ డిఫెన్స్ అంచు నుంచి దూసుకొచ్చే పాస్ రషర్. 2021 డ్రాఫ్ట్ (జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే పద్ధతి)లో 12వ పిక్, అంటే 12వ ఎంపిక. నాలుగు సీజన్లలో 52.5 శాక్స్, అంటే ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌ను (పాస్‌లు విసిరే ఆటగాణ్ణి) బంతి విసరకముందే అన్నిసార్లు పడగొట్టాడు. మొదటి రౌండ్ ఆటగాడికి నాలుగేళ్ళ ఒప్పందం, దాని మీద జట్టు ఇష్టప్రకారం ఐదో ఏడాది ఉంటాయి. మూడు సీజన్లు ఆడాక కొత్త ఒప్పందం మాట్లాడుకోవచ్చు. అంటే 2024 వేసవిలోనే కుదుర్చుకునే వీలుంది. కౌబాయ్స్ ఆగారు.

ఆగితే ఏమవుతుందో చూడండి. ఆ స్థానంలో ఏడాదికి అత్యధిక సగటు నిక్ బోసాది, 2023 సెప్టెంబర్ నుంచి 3.4 కోట్ల డాలర్లు. 2025 మార్చిలో మ్యాక్స్ క్రాస్బీ 3.55 కోట్లకు సంతకం పెట్టాడు. అదే నెలలో మైల్స్ గ్యారెట్ 4 కోట్లు. జూలైలో టీజే వాట్ 4.1 కోట్లు. ఒక్కొక్కరు సంతకం పెట్టిన కొద్దీ పార్సన్స్ అడిగే ధర పెరిగింది. బంగారం రేటు పెరుగుతుంటే పెళ్ళినాటికి కొందాంలే అని కూర్చున్నట్టే.

మార్చిలో యజమాని జెరీ జోన్స్ ఏజెంట్ లేకుండా నేరుగా పార్సన్స్‌తోనే కూర్చుని మాట్లాడాడు. ఒప్పందం కుదిరిపోయిందని ఆయన అనుకున్నాడు, ఆటగాడి వైపు అలా అనుకోలేదు. ఏజెంట్‌తో చర్చలు ముందుకు సాగలేదు. ఆగస్టు 1న పార్సన్స్ తనను వేరే జట్టుకు పంపమని బహిరంగంగా అడిగాడు. క్యాంపుకు వచ్చాడు, నడుము పట్టేసిందని ప్రాక్టీస్ చేయలేదు. అసలు రాకపోతే రోజుకింత జరిమానా పడుతుంది. వచ్చి ఆడకుండా కూర్చుంటే పడదు. అందుకే ఈ మధ్య అలిగిన ఆటగాళ్ళంతా ఇదే పద్ధతి పడుతున్నారు.

ఆగస్టు 28న, సీజన్ మొదలవడానికి వారం ముందు, ప్యాకర్స్‌కు ఇచ్చేశారు. ప్యాకర్స్ నాలుగేళ్ళకు 18.8 కోట్ల డాలర్లు రాసిచ్చారు. సగటున ఏడాదికి 4.7 కోట్లు, అందులో 12 కోట్లు సంతకం నాడే పూర్తి గ్యారంటీ. క్వార్టర్‌బ్యాక్ కాని ఆటగాడికి అప్పటిదాకా ఎవరూ అంత ఇవ్వలేదు.

బదులుగా ఏం వచ్చింది?

డిఫెన్సివ్ టాకిల్ కెన్నీ క్లార్క్, 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్స్. క్లార్క్ మూడుసార్లు ప్రో బౌల్‌కు (ఏటా మేటి ఆటగాళ్ళకు దక్కే గౌరవం) వెళ్ళిన గట్టి ఆటగాడు. రన్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆట) ఆపడానికి మధ్యలో బరువైన మనిషి కావాలని జోన్స్ చెప్పిన కారణం అబద్ధం కాదు. ఆ లోపం ఏళ్ళ తరబడి ఉన్నదే. కానీ అంచున పరుగెత్తుకొచ్చి క్వార్టర్‌బ్యాక్‌ను కంగారు పెట్టేవాణ్ణి ఇచ్చి మధ్యలో గోడ కట్టుకుంటే, బంతి గోడ మీంచి పోతుంది. సీజన్ పొడవునా జరిగింది అదే.

ఒక ఆర్థిక సౌలభ్యం మాత్రం ఉంది. పార్సన్స్ అప్పటికి ఐదో ఏడాదిలో ఉన్నాడు. సుమారు 2.4 కోట్ల డాలర్ల ఆ ఏడాది జీతం మొత్తం అతనితోపాటే ప్యాకర్స్ ఖాతాకు వెళ్ళింది. పాత సైనింగ్ బోనస్ నాలుగేళ్ళలోనే తీరిపోయింది కాబట్టి డాలస్ శాలరీ క్యాప్ (జీతాల మీద లీగ్ పెట్టిన పరిమితి) మీద బకాయి మిగల్లేదు. ఇంత శుభ్రంగా తెగే ట్రేడ్‌లు తక్కువ.

పార్సన్స్ గ్రీన్ బేలో 14 మ్యాచుల్లో 12.5 శాక్స్ చేసి, డిసెంబర్ 14న డెన్వర్‌లో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగి సీజన్‌కు దూరమయ్యాడు. ఆ గాయాన్ని చూపించి "చూశారా, డాలస్ మంచి పని చేసింది" అనేవాళ్ళున్నారు. ఆగస్టులో తీసుకున్న నిర్ణయం తప్పో ఒప్పో డిసెంబర్ గాయం తేల్చదు.

శాలరీ క్యాప్ అంటే ఐపీఎల్ పర్స్ లాంటిదేనా?

కొంతవరకే. ఐపీఎల్‌లో 2025 వేలానికి ఒక్కో జట్టు పర్స్ 120 కోట్ల రూపాయలు, అది అయిపోతే అయిపోయినట్టే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2025 క్యాప్ 27.92 కోట్ల డాలర్లు. కానీ ఇందులో చేతికిచ్చే డబ్బు వేరు, క్యాప్ మీద రాసే లెక్క వేరు. అసలు కిటుకంతా ఆ తేడాలోనే ఉంది.

ఒక ఆటగాడికి ఐదేళ్ళ ఒప్పందం, 5 కోట్ల సైనింగ్ బోనస్ అనుకుందాం. డబ్బు ముందే చేతికొస్తుంది. క్యాప్ మీద మాత్రం ఏడాదికి కోటి చొప్పున ఐదేళ్ళు రాస్తారు. ఐదేళ్ళకు మించి పరచడానికి వీల్లేదు. రెండేళ్ళయ్యాక అతన్ని తీసేస్తే, మిగిలిన 3 కోట్లు ఒక్కసారిగా ఆ ఏడాది మీద పడతాయి. అదే డెడ్ మనీ: మనిషి లేడు, లెక్క ఉంది. జూన్ 1 తర్వాత తీసేస్తే ఈ ఏడాది కోటి, వచ్చే ఏడాది 2 కోట్లుగా విడగొట్టుకోవచ్చు.

ఇక రీస్ట్రక్చర్. ఆటగాడి ఈ ఏడాది జీతం 3 కోట్లు అనుకోండి. అందులో కనీస జీతం కింద 12 లక్షలు ఉంచి, మిగిలిన 2.88 కోట్లను బోనస్‌గా మారుస్తారు. దాన్ని ఐదేళ్ళకు పరిస్తే ఏడాదికి 57.6 లక్షలు. ఈ ఏడాది క్యాప్ మీద పడేది 3 కోట్లకు బదులు 69.6 లక్షలే. 2.3 కోట్లు మిగిలాయి కదా అని సంబరపడకండి, అది వచ్చే నాలుగేళ్ళ నెత్తిన కూర్చుంది. అప్పు చేసి పప్పుకూడు. ఆటగాడికి నష్టం లేదు, వారం వారం వచ్చేది ముందే వస్తుంది కాబట్టి సాధారణంగా ఒప్పుకుంటాడు.

కౌబాయ్స్ ఈ అప్పు మీద బాగా ఆధారపడే జట్టు. డాక్ ప్రెస్కాట్ 2024 సెప్టెంబర్‌లో పెట్టిన నాలుగేళ్ళ 24 కోట్ల ఒప్పందం (ఏడాదికి 6 కోట్లు, అప్పటికి అదే రికార్డు), దానికి రెండు వారాల ముందు సీడీ ల్యాంబ్ పెట్టిన నాలుగేళ్ళ 13.6 కోట్ల ఒప్పందం రెండూ కలిసి క్యాప్‌లో పెద్ద ముక్క. గమనించండి, ఈ రెండూ కూడా సీజన్ గుమ్మంలో కుదిరినవే. ప్రెస్కాట్ సంతకం మొదటి మ్యాచ్ రోజునే జరిగింది. పార్సన్స్ విషయంలో ఆ అలవాటే మూడోసారి బెడిసికొట్టింది.

డబ్బు లేకనే పార్సన్స్‌ను పంపారా?

కాదు. అతను వెళ్ళిన కొద్ది రోజుల్లోనే కార్నర్‌బ్యాక్ డరాన్ బ్లాండ్‌కు నాలుగేళ్ళకు 9.2 కోట్లు, లెఫ్ట్ గార్డ్ టైలర్ స్మిత్‌కు నాలుగేళ్ళకు 9.6 కోట్లు ఇచ్చారు. జూలైలో టైట్ ఎండ్ జేక్ ఫెర్గూసన్‌కు 5.2 కోట్లు, మార్చిలో ఓసా ఓడిగిజువాకు 8 కోట్లు. లోటు పట్టుదల దగ్గరే తప్ప ఖజానాలో కాదు.

2025లో వచ్చినవాళ్ళెవరు, వెళ్ళినవాళ్ళెవరు?

హెడ్ కోచ్‌తో మొదలుపెడదాం. మైక్ మెకార్తీ ఒప్పందం ముగిసి జనవరిలో వెళ్ళిపోయాడు. అదే నెల 24న ఆఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా ఉన్న బ్రయాన్ షాటెన్‌హైమర్‌నే హెడ్ కోచ్‌ను చేశారు. ప్లేలు ఎంచేదీ అతనే. డిఫెన్స్ బాధ్యత షికాగో మాజీ హెడ్ కోచ్ మ్యాట్ ఎబర్‌ఫ్లూస్‌కు ఇచ్చారు.

వెళ్ళినవాళ్ళలో పెద్ద పేరు రైట్ గార్డ్ జాక్ మార్టిన్, రిటైరయ్యాడు. తొమ్మిది ప్రో బౌల్స్ ఆడిన మనిషి. డిమార్కస్ లారెన్స్ సియాటిల్‌కు, జోర్డన్ లూయిస్ జాక్సన్‌విల్‌కు, కూపర్ రష్ బాల్టిమోర్‌కు వెళ్ళారు. 2024లో 1,079 గజాలు పరుగెత్తిన రికో డౌడిల్‌ను కరొలైనా తీసుకుంది. అక్టోబర్ 12న డౌడిల్ పాత జట్టు మీదే 183 గజాలు పరుగెత్తాడు, కరొలైనా 30-27తో గెలిచింది. అలాంటి రోజులు ప్రతి జట్టుకూ వస్తాయి కాని, రన్ ఆపలేమని తెలిసిన జట్టుకు మరీ చేదుగా ఉంటుంది.

వచ్చినవాళ్ళలో ఇద్దరు లాభం. రన్నింగ్ బ్యాక్ జావాంటె విలియమ్స్ డెన్వర్ నుంచి తక్కువ ధరకు, ఒక్క ఏడాదికి వచ్చి 1,201 గజాలు, 11 టచ్‌డౌన్లు తెచ్చాడు. వైడ్ రిసీవర్ జార్జ్ పికెన్స్‌ను మే నెలలో పిట్స్‌బర్గ్ నుంచి ట్రేడ్‌లో తెచ్చారు. ఇచ్చింది 2026 థర్డ్ రౌండ్ పిక్, 2027 ఫిఫ్త్ రౌండ్ పిక్. తిరిగి 2027 సిక్స్త్ రౌండ్ పిక్ ఒకటి వచ్చింది. అతను 93 క్యాచ్‌లు, 1,429 గజాలు చేశాడు. ల్యాంబ్ చీలమండ బెణికి మూడు మ్యాచులు కూర్చున్నప్పుడు బండి లాగింది ఇతనే. సెప్టెంబర్‌లో అంచు నుంచి ఒత్తిడి పెట్టేవాళ్ళు లేక జడేవియన్ క్లౌనీని తెచ్చారు. 8.5 శాక్స్ చేశాడు, ఆ వయసుకు మంచి పనే.

డ్రాఫ్ట్‌లో మొదటి మూడు: అలబామా గార్డ్ టైలర్ బుకర్ (12వ పిక్), బోస్టన్ కాలేజ్ నుంచి డొనోవన్ ఎజెరువాకు (44), ఈస్ట్ కరొలైనా కార్నర్ షవాన్ రెవెల్ (76). బుకర్ నేరుగా మార్టిన్ చోట్లో నిలబడ్డాడు. రెవెల్ కాలేజీలో తెగిన ఏసీఎల్ నుంచి కోలుకుంటూ సీజన్ మధ్యలో గాని మైదానం ఎక్కలేదు.

నవంబర్‌లో క్విన్నెన్ విలియమ్స్‌ను తేవడం ఫలించిందా?

మొదట్లో ఫలించినట్టే కనిపించింది. ట్రేడ్ గడువు నవంబర్ 4. ఆ రోజే జెట్స్‌కు 2026 సెకండ్ రౌండ్ పిక్, 2027లో ఒక ఫస్ట్ రౌండ్ పిక్, కౌబాయ్స్ గతంలో ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్న మాజీ స్మిత్‌ను (మాజీ అతని పేరే) ఇచ్చి డిఫెన్సివ్ టాకిల్ విలియమ్స్‌ను తెచ్చారు. సిన్సినాటి నుంచి లైన్‌బ్యాకర్ లోగన్ విల్సన్‌ను సెవెంత్ రౌండ్ పిక్‌కు తెచ్చారు.

అంకెలు చూద్దాం. విలియమ్స్ రాకముందు 9 మ్యాచుల్లో ఇచ్చిన పాయింట్లు 277, సగటు 30.8. అతను ఆడిన మొదటి మూడు మ్యాచులు రెయిడర్స్‌తో 33-16, ఈగిల్స్‌తో 24-21 (21-0 వెనకబడి గెలిచారు), థ్యాంక్స్‌గివింగ్ నాడు చీఫ్స్‌తో 31-28. మూడూ గెలుపులే, ఇచ్చింది సగటున 21.7. ఆ చీఫ్స్ మ్యాచ్‌ను 5.72 కోట్ల మంది చూశారు. రెగ్యులర్ సీజన్ మ్యాచుల్లో అదే రికార్డు. 6-5-1తో ఊరంతా ప్లేఆఫ్ లెక్కలు వేసుకుంది.

తర్వాతి ఐదు మ్యాచుల్లో ఇచ్చినవి: 44, 34, 34, 23, 34. సగటు 33.8. అంటే ట్రేడ్‌కు ముందుకంటే అధ్వాన్నం. రన్ కొంత ఆగింది, పాస్ ఆగలేదు. పాస్‌లు అడ్డుకునే బ్లాండ్, డిగ్స్, హుకర్ అంతా గాయాలతో వస్తూ పోతూ ఉన్నారు. దానికితోడు మనిషికి మనిషి కాపలా కాయడంలో పేరున్న కార్నర్లను ఎబర్‌ఫ్లూస్ ఎక్కువగా జోన్‌లో (మనిషిని కాక చోటును కాసే పద్ధతి) నిలబెట్టాడు. జోన్‌లో ఇద్దరు ఆటగాళ్ళ మధ్య ఖాళీ ఎవరిదన్న దాంట్లో ఒక్క క్షణం తడబడితే చాలు, మూడో డౌన్‌లో (పది గజాలకిచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) పదిహేను గజాలు పోతాయి. సీజన్ ముగిసిన కొద్ది రోజులకే అతన్ని తొలగించారు.

మార్షాన్ నీలాండ్‌కు ఏమైంది?

డిఫెన్సివ్ ఎండ్ నీలాండ్ నవంబర్ 6న మరణించాడు, వయసు 24. 2024లో సెకండ్ రౌండ్‌లో తీసుకున్న కుర్రాడు. దానికి మూడు రోజుల ముందు అరిజోనాతో మ్యాచ్‌లో బ్లాక్ అయిన పంట్ బంతి మీద ఎండ్ జోన్‌లో పడి టచ్‌డౌన్ సాధించాడు. తర్వాతి మ్యాచ్‌కు ఆటగాళ్ళ హెల్మెట్ల మీద అతని నంబర్ 94 ఉంది.

53 మంది జట్టు అంటారు, మరి వారం వారం కొత్త పేర్లు ఎక్కణ్ణుంచి వస్తాయి?

వేసవి క్యాంపులో 90 మంది ఉంటారు. ఆగస్టు చివర్లో ఒకే గడువుకు 53కు తగ్గించాలి. 2025లో ఆ తేదీ ఆగస్టు 26. బయటికి పంపినవాళ్ళలో నాలుగు సీజన్లు పూర్తికానివాళ్ళు వేవర్స్‌కు వెళ్తారు, అంటే మిగతా 31 జట్లకూ వాళ్ళను తీసుకునే హక్కు ఒక రోజు ఉంటుంది. ఎవరూ తీసుకోకపోతే జట్టు మళ్ళీ పిలిచి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో పెట్టుకోవచ్చు. అందులో 16 మంది, విదేశీ ఆటగాడుంటే 17.

మ్యాచ్‌కు ముందు ప్రాక్టీస్ స్క్వాడ్ నుంచి ఇద్దరిని పైకి తేవచ్చు. ఒకే ఆటగాణ్ణి సీజన్‌లో మూడుసార్లకు మించి అలా తేకూడదు. నాలుగోసారి కావాలంటే 53లో చోటిచ్చి, ఇంకొకరిని తీసేయాలి. మ్యాచ్ రోజు డ్రెస్ వేసేది 48 మంది, వాళ్ళలో కనీసం 8 మంది ఆఫెన్సివ్ లైన్‌మెన్ ఉంటేనే. లేకపోతే 47.

గాయపడ్డవాణ్ణి ఇంజ్యూర్డ్ రిజర్వ్‌లో పెడితే కనీసం నాలుగు మ్యాచులు ఆడకూడదు. తిరిగి ప్రాక్టీస్ మొదలుపెట్టిన రోజు నుంచి 21 రోజుల గడియారం నడుస్తుంది. ఆలోగా 53లోకి తీసుకోకపోతే ఆ సీజన్‌కు అంతే. "రెండు వారాల్లో వచ్చేస్తాడు" అనుకున్న ఆటగాణ్ణి అందుకే రిజర్వ్‌లో పెట్టరు, ఖాళీ చోటును అలాగే మోస్తారు. గాయాలు ఒకేసారి మీద పడ్డ వారంలో ఆ ఖాళీలే జట్టును ముంచుతాయి.

ట్రెవాన్ డిగ్స్ ప్యాకర్స్‌కు ఎలా వెళ్ళాడు? అది కూడా ట్రేడేనా?

కాదు. 2021లో 11 ఇంటర్‌సెప్షన్లతో (ఎదుటివాళ్ళ పాస్‌ను మధ్యలో అందుకోవడం) లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచిన డిగ్స్‌ను డాలస్ డిసెంబర్ 30న తీసేసింది. మామూలుగా అంత అనుభవమున్న ఆటగాడు బయటికొస్తే తనకు నచ్చిన జట్టుతో మాట్లాడుకోవచ్చు. కానీ ట్రేడ్ గడువు దాటాక సీజన్ అయ్యేవరకు ఎంత అనుభవమున్నా వేవర్స్ గుండా పోవాల్సిందే. పట్టికలో కిందున్న జట్టుకు ముందు హక్కు. తమకంటే ముందున్నవాళ్ళెవరూ అడగలేదు కాబట్టి ప్యాకర్స్‌కు దక్కాడు. మళ్ళీ గ్రీన్ బేనే కావడం మాత్రం కాకతాళీయం.

బాగున్న విషయం ఒక్కటైనా ఉందా?

ఉంది, ఆఫెన్స్. 2024 నవంబర్‌లో తొడ కండరం ఎముక దగ్గర ఊడి ఆపరేషన్ చేయించుకున్న ప్రెస్కాట్, 2025లో 17 మ్యాచుల్లోనూ మొదటి నుంచే బరిలో ఉండి 4,552 గజాలు, 30 టచ్‌డౌన్లు వేశాడు.

ఇక కిక్కర్ బ్రాండన్ ఆబ్రీ. కాలేజీలో సాకర్ ఆడి, తర్వాత కొన్నాళ్ళు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా పనిచేసి, ఆ తర్వాత ఫుట్‌బాల్ కిక్కర్ అయ్యాడు. మన వాళ్ళలో అతనికి ప్రత్యేక అభిమానులుండటంలో వింతేముంది! సెప్టెంబర్ 14న జెయింట్స్‌తో మ్యాచ్‌లో చివరి క్షణంలో 64 గజాల నుంచి కొట్టి ఓవర్‌టైమ్‌కు తీసుకెళ్ళాడు, అక్కడ 46 గజాల నుంచి కొట్టి 40-37తో గెలిపించాడు. ఇలాంటి కాలు ఉంటే ఆట లెక్కే మారుతుంది: మామూలు జట్టు ఎదుటివాళ్ళ 35 గజాల గీత దాకా వస్తే గాని ఫీల్డ్ గోల్ గురించి ఆలోచించదు, డాలస్ 45 దగ్గరే ఆలోచిస్తుంది. బంతి ఉన్న గీతకు 17 లేదా 18 కలిపితే కిక్ దూరం వస్తుంది.

పికెన్స్ ఉంటాడా?

అతను 2022లో సెకండ్ రౌండ్ పిక్, కాబట్టి ఐదో ఏడాది వెసులుబాటు లేదు. ఒప్పందం 2025తో అయిపోయింది. సీజన్ ముగిసేసరికి జట్టు ముందు మూడు దారులు ఉన్నాయి: కొత్త ఒప్పందం, ఫ్రాంచైజ్ ట్యాగ్, లేదా వదిలేయడం. ట్యాగ్ వేస్తే ఒక్క ఏడాదికి ఆ స్థానంలోని అగ్రశ్రేణి ఐదుగురి జీతాలను బట్టి లెక్కగట్టిన మొత్తం ఇవ్వాలి. అది పూర్తి గ్యారంటీ, బోనస్‌గా పరిచే వీలు లేక మొత్తం ఒకే ఏడాది క్యాప్ మీద పడుతుంది. ట్యాగ్ వేశాక కూడా జూలై మధ్య వరకు దీర్ఘకాల ఒప్పందం కుదుర్చుకోవచ్చు. ఆ గడువు దాటితే ఆ ఏడాదికి ట్యాగే. పార్సన్స్ పాఠం నేర్చుకుని ఉంటే 2026 మార్చిలోనే తేల్చాల్సింది. ల్యాంబ్‌తో కలిపి ఇద్దరు రిసీవర్లకు భారీగా ఇస్తే డిఫెన్స్‌కు ఏం మిగులుతుందన్నది అసలు చిక్కు.

2026 డ్రాఫ్ట్‌లో ఏమున్నాయి?

సీజన్ ముగిసేసరికి మొదటి రౌండ్‌లో రెండు: సొంత 12వ పిక్, ప్యాకర్స్ నుంచి వచ్చిన 20వది. సెకండ్ జెట్స్‌కు, థర్డ్ పిట్స్‌బర్గ్‌కు పోయాయి కాబట్టి మధ్యలో పెద్ద ఖాళీ. ఇలాంటప్పుడు జట్లు సాధారణంగా చేసే పని, రెండో పిక్ నుంచి కొన్ని స్థానాలు కిందికి దిగి బదులుగా సెకండ్ లేదా థర్డ్ రౌండ్ పిక్ ఒకటి సంపాదించడం. కౌబాయ్స్‌కు ఇది కొత్త కాదు: 2024లో 24 నుంచి 29కి దిగి, డెట్రాయిట్ నుంచి 73వ పిక్ తీసుకుని దాంతోనే సెంటర్ కూపర్ బీబీని తెచ్చారు.

ఇండియా నుంచి ఏ టైముకు చూడాలి?

డాలస్ టైముకు నవంబర్ మొదటి ఆదివారం వరకు పదిన్నర గంటలు, ఆ తర్వాత పదకొండున్నర గంటలు కలపండి. మధ్యాహ్నం 12 గంటల మ్యాచ్ మనకు ఆదివారం రాత్రి 10:30 లేదా 11:30. 3:25 మ్యాచ్ అర్ధరాత్రి దాటాక 1:55 లేదా 2:55. సండే నైట్ మ్యాచ్ సోమవారం పొద్దున 5:50 లేదా 6:50, కాఫీతో చూడటానికి ఇదే సుఖం. గడియారం మారిన వారమే ఎక్కువమంది మొదటి క్వార్టర్ ముందు గంటసేపు ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు.

డాలస్‌లో ఉంటున్నాం, పిల్లల్ని తీసుకుని స్టేడియంకు వెళ్ళాలంటే?

ముందు ఒక అపోహ తీరాలి: ఫ్రిస్కోలో ఉన్న ది స్టార్ జట్టు ఆఫీసు, ప్రాక్టీస్ మైదానం. మ్యాచులు అక్కడ జరగవు. అవి ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో. వేసవి క్యాంపేమో కాలిఫోర్నియాలోని ఆక్స్‌నార్డ్‌లో.

బ్యాగులు పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాలు × 6 × 12కు మించకూడదు. మామూలు హ్యాండ్‌బ్యాగ్ అయితే 4.5 × 6.5 అంగుళాల చిన్నదే. పసిపిల్లల డైపర్ బ్యాగ్ కూడా పారదర్శకంగా ఉంటే గొడవ ఉండదు. గేటు దగ్గర వెనక్కి పంపితే కారు దాకా నడిచి రావాలి, ఆ నడక చిన్నది కాదు.

సీట్లు ఎంచుకునేటప్పుడు పడమటి గోడ గుర్తుంచుకోండి. అది పెద్ద అద్దాల గోడ. శీతాకాలపు మధ్యాహ్నం మ్యాచుల్లో సూర్యుడు దిగుతూ సూటిగా మైదానంలోకి కొడతాడు. 2024 నవంబర్ 10న ఈగిల్స్‌తో మ్యాచ్‌లో ఎండ్ జోన్‌లోకి వచ్చిన బంతి ల్యాంబ్‌కు ఆ ఎండలో కనిపించకుండానే పోయింది. తెరలు కట్టమని అందరూ అడిగారు, జోన్స్ ఒప్పుకోలేదు. కాబట్టి 3:25 మ్యాచ్‌కు తూర్పు వైపు సీట్లు కొంటే చలవ కళ్ళద్దాలు పట్టుకెళ్ళండి.